ఉక్కు తగాదాలో ఆపిల్ పండు: సుంకాల పోరు చిన్న తోటల దాకా ఎలా వస్తుంది

సంక్షిప్తంగా: ఉక్కు మీద మొదలైన భారత్, అమెరికా తగాదాలో 2019 నుంచి 2023 దాకా అమెరికా ఆపిల్‌పై అదనపు సుంకం నడిచింది. అమెరికా సరుకు దాదాపు ఆగిపోయినా, ఆ ఖాళీని హిమాచల్, కశ్మీర్ తోటలకంటే ఇతర దేశాల తోటలే ఎక్కువగా నింపాయి. రేవులో వేసిన సుంకం ధర రూపంలో చిన్న రైతును చేరేలోపు నిల్వ వసతి, అమ్మే సమయం, అప్పు దాన్ని చాలావరకు హరిస్తాయి. 2025లో చిత్తూరు తోతాపురి మామిడికి ఎదురైన సంక్షోభంలోనూ ఇదే యంత్రాంగం మరో రూపంలో కనిపిస్తుంది.

తగాదా ఒకచోట, దెబ్బ మరోచోట

2018 మార్చిలో అమెరికా జాతీయ భద్రత పేరు చెప్పి, దిగుమతయ్యే ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం అదనపు సుంకం వేసింది. భారత్ అదే ఏడాది జూన్‌లో ప్రతీకార సుంకాలు ప్రకటించినా, చర్చలు ఫలిస్తాయన్న ఆశతో అమలును పలుమార్లు వాయిదా వేసింది. వర్ధమాన దేశాల సరుకులు కొన్నింటిని సుంకం లేకుండా రానిచ్చే ప్రాధాన్య పథకం నుంచి అమెరికా 2019 జూన్ 5న భారత్‌ను తొలగించింది. ఆ తర్వాత రెండు వారాలు తిరగకుండానే, జూన్ 16న, 28 రకాల అమెరికా సరుకులపై భారత్ అదనపు సుంకాలు అమల్లోకి తెచ్చింది. బాదం, అక్రోటు, శనగలతో పాటు ఆపిల్ కూడా ఆ జాబితాలో ఉంది. అన్ని దేశాల ఆపిల్‌కూ 50 శాతంగా ఉన్న సుంకం అమెరికా పండుకు మాత్రం 70 శాతమైంది.

ఉక్కు తగాదాలోకి ఆపిల్ ఎందుకు వచ్చిందన్న ప్రశ్న సహజం. ప్రతీకార జాబితా తయారుచేసేవారు రెండు విషయాలు చూస్తారు. ఎదుటి దేశంలో ఆ సరుకు పండించేవారి గొంతు రాజకీయ నాయకులకు వినిపించాలి. సొంత దేశంలో ఆ సరుకు లేకపోయినా పనులు ఆగకూడదు. వాషింగ్టన్ రాష్ట్రపు ఆపిల్ ఈ రెండింటికీ సరిపోయింది. మెక్సికో కూడా 2018లో ఇదే ఉక్కు వివాదంలో అమెరికా ఆపిల్‌పై 20 శాతం సుంకం వేసింది. చరిత్రలో తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1990ల అరటిపండ్ల వివాదంలో ఐరోపా సంఘంపై అమెరికా 1999లో ప్రతీకారం తీర్చుకున్నప్పుడు 100 శాతం సుంకం పడింది చేతిసంచుల మీద, దుప్పట్ల మీద. పండు కోసం పోరాడితే నేతవాడికి తగిలింది. ఉక్కు కోసం పోరాడితే పండు పండించేవాడికి తగిలింది.

ఇలాంటి సుంకానికి ఒక స్వభావం ఉంటుంది. రైతును కాపాడటానికి లెక్కగట్టి వేసిన సుంకం కాదు ఇది, బేరసారాల్లో పావు. బేరం కుదిరిన రోజున దాన్ని బల్లమీద నుంచి తీసేస్తారు. ఈలోగా దాన్ని నమ్ముకుని మొక్కలు నాటిన రైతు ఆ బేరంలో పక్షం కాడు.

ఖాళీ అయిన చోట కూర్చున్నదెవరు

కేంద్ర వాణిజ్య శాఖ 2023 సెప్టెంబరులో విడుదల చేసిన అంకెలు ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైనవి. 2018-19లో అమెరికా నుంచి భారత్‌కు 14.5 కోట్ల డాలర్ల విలువైన ఆపిల్ వచ్చింది. పరిమాణంలో అది సుమారు 1.28 లక్షల టన్నులు. 2022-23 నాటికి అది 52.7 లక్షల డాలర్లకు, దాదాపు 4,500 టన్నులకు పడిపోయింది. అమెరికా సరుకును ఆపడమే లక్ష్యమైతే సుంకం పూర్తిగా గెలిచినట్టే.

అవే గణాంకాల్లో రెండో వరుస కూడా ఉంది. ఇదే కాలంలో మిగతా దేశాల నుంచి వచ్చిన ఆపిల్ విలువ 16 కోట్ల డాలర్ల నుంచి 29 కోట్ల డాలర్లకు పెరిగింది. రెండు వరుసలూ కలిపి చూస్తే, సుంకానికి ముందు మొత్తం దిగుమతి సుమారు 30.5 కోట్ల డాలర్లు, నాలుగేళ్ల తర్వాత సుమారు 29.5 కోట్ల డాలర్లు. టర్కీ, ఇటలీ, చిలీ, ఇరాన్, న్యూజీలాండ్ పండ్లు అమెరికా పండు వదిలిన చోటులో దాదాపు పూర్తిగా సర్దుకున్నాయి. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో, హైదరాబాద్ శివారు బాటసింగారం మార్కెట్లో పెట్టెల మీది దేశం పేరు మారింది. విదేశీ పండు మాత్రం కదలలేదు.

అన్ని దేశాలపై ఒకేలా వేసే సుంకానికీ, ఒక్క దేశంపైనే వేసే సుంకానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటి దానిలో దిగుమతి మొత్తంగా ఖరీదవుతుంది కాబట్టి స్థానిక రైతుకు కొంత ఊపిరి దొరుకుతుంది. రెండో దానిలో అమ్మేవాడు మారతాడు, అంతే. అఫ్గానిస్థాన్‌కు దక్షిణాసియా ఒప్పందం కింద సుంకం మినహాయింపు ఉండటంతో, ఇరాన్ ఆపిల్ ఆ దారిలో తక్కువ ధరకు దిగుతోందని హిమాచల్, కశ్మీర్ రైతు సంఘాలు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నాయి. తలుపు ఒకటి మూసి, పక్క కిటికీ తెరిచి ఉంచితే ఇంట్లోకి గాలి రాకుండా ఆగదు.

రేవు నుంచి తోట దాకా

సుంకం ధరగా మారే తీరును ఒక ఉజ్జాయింపు లెక్కతో చూడవచ్చు. రవాణా, బీమాతో కలిపి కిలో 70 రూపాయలకు రేవులో దిగిన ఆపిల్‌పై 50 శాతం సుంకం అంటే 35 రూపాయలు. మొత్తం 105. సుంకం 70 శాతమైతే 49 రూపాయలు, మొత్తం 119. తేడా 14 రూపాయలు. కాగితం మీద చూస్తే, ఈ 14 రూపాయల మేర స్థానిక పండు ధర పెరగడానికి చోటుంది.

ఆ చోటు తోట దాకా రావాలంటే మూడు అడ్డంకులు దాటాలి.

మొదటిది కాలం. హిమాచల్ ఆపిల్ జూలై నుంచి అక్టోబరు వరకు, కశ్మీర్ ఆపిల్ ఆగస్టు నుంచి నవంబరు వరకు కోతకు వస్తుంది. పంట అంతా ఒక్కసారిగా మండీల మీద పడే ఆ నెలల్లో ధరను నిర్ణయించేది లోపలి సరుకే. విదేశీ పండుతో అసలు పోటీ మొదలయ్యేది జనవరి తర్వాత. అప్పటికి స్థానిక ఆపిల్ నియంత్రిత వాతావరణ గిడ్డంగుల్లో, అంటే పండు నెలల తరబడి పాడవకుండా గాలినీ చల్లదనాన్నీ అదుపులో ఉంచే గదుల్లో ఉంటుంది. కశ్మీర్‌లో పుల్వామా జిల్లా లస్సీపొరా వంటి చోట్ల ఇలాంటి గిడ్డంగులు వెలిశాయి. శీతాకాలం చివర, వేసవి మొదట్లో తలుపులు తీసి అమ్మే ఆ పండుకు దిగుమతి సుంకం నిజంగా పనికొస్తుంది. కానీ ఆ నెలల్లో పండు ఎవరి చేతిలో ఉంది? గిడ్డంగిలో చోటు అద్దెకు తీసుకుని ఆరు నెలలు ఆగగలిగిన వ్యాపారి చేతిలో, లేదా పెద్ద తోట యజమాని చేతిలో. ఎకరం, రెండెకరాల రైతు పండును సెప్టెంబరులోనే అమ్మేసి ఉంటాడు.

రెండోది అప్పు. ఎరువు, మందులు, పెట్టెలు, కూలీ కోసం కమీషన్ ఏజెంటు దగ్గర ముందే డబ్బు తీసుకున్న రైతు పంటను ఆ ఏజెంటుకే పంపాలి. కొందరైతే పూత, పిందె దశలోనే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. మన మామిడి తోటల్లోనూ ఇది ఎరిగిన పద్ధతే. గుత్త కుదిరాక సుంకం పెరిగి ధర లేస్తే లాభం గుత్తదారుది. సుంకం తగ్గి ధర పడితే, మరుసటి ఏడు గుత్త బేరంలో ఆ నష్టాన్ని రైతు మీదే వేస్తారు. లాభం వెళ్లే దారి, నష్టం వచ్చే దారి ఒకటి కావు.

మూడోది నాణ్యత. దిగుమతి పండు ఒకే పరిమాణం, ఒకే రంగు, మైనపు మెరుపుతో వస్తుంది. హిమాచల్ కొండవాలు తోటల్లో పాత చెట్ల దిగుబడి హెక్టారుకు పది టన్నుల లోపే ఉంటుంది. పొట్టి వేరుమూలాల (చెట్టును ఎత్తు పెరగనివ్వని, అంటుకట్టే వేరు మొక్కల) మీద దగ్గర దగ్గరగా నాటిన విదేశీ తోటల్లో అది నలభై టన్నులు దాటడం మామూలు. ఈ పోటీలో ఒక చారిత్రక విశేషమూ ఉంది. హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో 1916లో రెడ్ డెలీషియస్ మొక్కలు తెచ్చి నాటినవాడు ఫిలడెల్ఫియా నుంచి వచ్చి స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్. సిమ్లా కొండల ఆర్థిక జీవనాన్ని మార్చిన ఆ పండు అమెరికాదే. వందేళ్ల తర్వాత ముంబయి రేవులో అది ఎదుర్కొన్నదీ అదే జాతి పండునే.

ఈ మూడింటికీ తోడు దారి కష్టాలున్నాయి. 2025 ఆగస్టు చివర, సెప్టెంబరులో కొండచరియలు విరిగిపడి జమ్మూ, శ్రీనగర్ జాతీయ రహదారి రోజుల తరబడి మూతపడినప్పుడు వేలాది లారీల్లో ఆపిల్ కుళ్లిపోయింది. కోత నడిమధ్యలో రోడ్డు మూసుకుపోతే, రేవులో సుంకం 50 శాతమా, 70 శాతమా అన్న చర్చకు ఆ రైతు దగ్గర అర్థం లేదు.

సుంకం తీసేసిన రోజు

2023 జూన్‌లో ప్రధాని అమెరికా పర్యటన సందర్భంగా, ప్రపంచ వాణిజ్య సంస్థలో పెండింగ్‌లో ఉన్న ఆరు వివాదాలను రెండు దేశాలూ ముగించుకున్నాయి. ఉక్కు, అల్యూమినియం ఎగుమతులకు అమెరికా కొంత వెసులుబాటు ఇచ్చింది. బదులుగా ఆపిల్, అక్రోటు, బాదంపై అదనపు సుంకాన్ని భారత్ సెప్టెంబరులో తొలగించింది. హిమాచల్, కశ్మీర్‌లలో రైతు సంఘాలు, ప్రతిపక్షాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. 50 శాతం మూల సుంకం అలాగే ఉందని, రైతుకు నష్టం లేదని కేంద్రం సమాధానమిచ్చింది.

రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. పోయింది 20 శాతం అదనమే, అదీ ఒక్క దేశం మీదనే. అప్పటికే ఆ దేశం స్థానాన్ని వేరే దేశాలు తీసుకున్నాయి. కాబట్టి ధర మీద ప్రభావం పరిమితమేనన్న కేంద్రం లెక్క తప్పు కాదు. కానీ రైతుల భయం ధర గురించి మాత్రమే కాదు. వాళ్లకు రక్షణగా కనిపించినది నాలుగేళ్లలో ఎలా వచ్చిందో అలాగే పోయింది. దాని రాకపోకలు రెండూ వాళ్ల పంటతో సంబంధం లేని కారణాలతో జరిగాయి.

సుంకాన్ని 100 శాతం చేయాలన్న డిమాండు హిమాచల్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. దానికి అడ్డం, ఆపిల్‌పై మామూలు సుంకం 50 శాతం దాటబోమని ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ కట్టుబడి ఉన్న పరిమితి. ఆ గీత దాటకుండా దేశానికి మిగిలిన పరికరం కనీస దిగుమతి ధర. 2023 మే నెలలో భూటాన్ మినహా ఏ దేశం నుంచైనా కిలో 50 రూపాయల కన్నా తక్కువ ధరకు ఆపిల్ దిగుమతిని కేంద్రం నిషేధించింది. శాతంలో వేసే సుంకానికి ఒక బలహీనత ఉంది. బిల్లులో ధర తగ్గించి చూపితే సుంకమూ తగ్గుతుంది. కనీస ధర ఆ లొసుగును కొంత మూస్తుంది, తక్కువ రకం చౌక పండును ఆపుతుంది. చిన్న రైతుకు రెండో రకం, మూడో రకం పండే ఎక్కువగా వస్తుంది కాబట్టి, ఆర్భాటంగా ప్రకటించిన ప్రతీకార సుంకం కన్నా పెద్దగా చర్చకు రాని ఈ నిబంధనే అతనికి ఎక్కువ అక్కరకొచ్చేదని చెప్పడానికి ఆస్కారం ఉంది.

అవతలి ఒడ్డున వాషింగ్టన్ రైతూ నష్టపోయాడు. సుంకానికి ముందు, మెక్సికో తర్వాత ఆ రాష్ట్రపు ఆపిల్‌కు భారత్ అతి పెద్ద విదేశీ మార్కెట్లలో ఒకటి. అక్కడి వినియోగదారులు ఇష్టం తగ్గించుకున్న రెడ్ డెలీషియస్ పండుకు ఇక్కడి గిరాకీయే ఆసరాగా ఉండేది. తేడా ఏమిటంటే, వాణిజ్య పోరులో దెబ్బతిన్న రైతుల కోసం అమెరికా ప్రభుత్వం 2018లో 1,200 కోట్ల డాలర్ల వరకు, 2019లో మరో 1,600 కోట్ల డాలర్ల వరకు సాయం ప్రకటించింది. మిగిలిపోయిన ఆపిల్‌ను కూడా కొని ఆహార సహాయ కార్యక్రమాలకు పంపింది. తగాదా పెట్టుకున్న ప్రభుత్వమే దాని ఖర్చులో కొంత భరించింది. మన వైపు ఆపిల్ రైతుకు సుంకం వేసినప్పుడు లాభంలో హామీ లేదు, తీసినప్పుడు నష్టంలో పరిహారమూ లేదు.

చిత్తూరులో మరో రూపం

ఆపిల్ రైతుకు దిగుమతి భయం. తోతాపురి రైతుకు ఎగుమతి భయం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల తోతాపురిలో అధిక భాగం గుజ్జు కర్మాగారాలకు వెళ్తుంది. డబ్బాల్లో, డ్రమ్ముల్లో నింపిన ఆ గుజ్జు గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు, అమెరికాకు, దేశంలోని పానీయాల కంపెనీలకు చేరుతుంది. అంటే కాయ ధర విదేశీ కొనుగోలుదారు ఇచ్చే ఆర్డరు మీద వేలాడుతుంది.

2025 సీజన్‌లో ఆ ఆర్డర్లు సన్నగిల్లాయి. అంతకుముందు ఏడాది గుజ్జు గోదాముల్లోనే మిగిలింది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఐరోపా వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చి, రవాణా ఖర్చు, కాలం పెరిగాయి. అమ్ముడుపోని సరుకులో ఇరుక్కున్న పెట్టుబడి కొత్త కాయ కొనడానికి చేతిలోకి రాదు. దానికి తోడు ఆ ఏడు కాపు బాగా వచ్చింది. కాయ కొనే ర్యాంపుల దగ్గర, కర్మాగారాల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ధర కొన్ని చోట్ల కిలో 5 రూపాయల లోపుకు పడిపోయింది. కోత కూలీ, బాడుగ పోను చేతికి మిగిలేది లేక, కాయను చెట్టుకే వదిలేసినవాళ్లున్నారు.

రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కేలా నిర్ణయించింది. అందులో 8 రూపాయలు కర్మాగారాలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలి. ఆ 8 రూపాయల చెల్లింపు దగ్గర రైతులకూ కర్మాగారాలకూ వివాదం నడిచింది. జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా నిషేధించింది. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ రాసి, నిషేధం ఎత్తేయాలని కోరారు. కోలార్ జిల్లా శ్రీనివాసపురం వైపు రైతులు చాలాకాలంగా చిత్తూరు కర్మాగారాలకే కాయ తోలుతున్నారు. అటువైపు తోటల్లోనూ వినిపించే భాష చాలాచోట్ల తెలుగే.

దేశాల మధ్య తగాదాల్లో కనిపించే ప్రతి అంగమూ ఇక్కడ ఉంది: మిగులు సరుకు, స్థానిక రైతును కాపాడాలన్న ఒత్తిడి, సరిహద్దులో అడ్డుకట్ట, అవతలి వైపు నిరసన లేఖ. దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణ చెబుతుంది. దానికి పరిమితులున్నా, ఒక జిల్లా చెక్‌పోస్టు దగ్గర కాయను ఆపడం ఆ స్ఫూర్తికి దూరమే. చిత్తూరు రైతు ఆక్రోశమూ నిరాధారం కాదు. తన ట్రాక్టరు గేటు బయట ఎండలో ఉంటే, పక్క రాష్ట్రపు కాయ చౌకగా లోపలికి పోవడం అతనికి కనిపిస్తోంది. చివరికి కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కర్ణాటకలో 2.5 లక్షల టన్నులకు క్వింటాలు 1,616 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.62 లక్షల టన్నులకు క్వింటాలు 1,490 రూపాయల పైచిలుకు ధర ఆమోదించింది. సరిహద్దు మూసి సాధించలేని పని ఖజానా తెరిచాక కొంతైనా జరిగింది. అప్పటికే చాలా కాయ చవకగా చేతులు మారింది.

తైవాన్ అనాసతో పోలిస్తే తోతాపురి బలహీనత స్పష్టమవుతుంది. 2021 మార్చి 1 నుంచి చైనా, పురుగులు ఉన్నాయన్న కారణంతో తైవాన్ అనాస దిగుమతిని ఆపేసింది. తైవాన్ ఎగుమతి చేసే అనాసలో తొంభై శాతానికి పైగా చైనాకే వెళ్లేది. అయినా మొత్తం పంటలో ఎగుమతి వాటా సుమారు పదో వంతే కావడంతో, స్వదేశంలో జనం, బయట జపాన్ కొని రైతును గట్టెక్కించారు. తోతాపురికి ఆ వెసులుబాటు లేదు. బంగినపల్లిలా ఇంటింటా కోసుకుని తినే పండు కాదు అది. కర్మాగారం కొనకపోతే బజారు దాని బరువు మోయలేదు.

తోతాపురి ధర పడిన 2025లోనే, ఆగస్టులో భారత సరుకులపై అమెరికా సుంకం రెండు విడతల్లో 50 శాతానికి చేరింది. అప్పటికి మామిడి కోత ముగిసింది కాబట్టి ఆ సీజన్ పతనానికి ఈ సుంకాన్ని నిందించడం సరికాదు. అది తాకేది తర్వాతి ఏడాది ఒప్పందాలను. నవంబరు 14న అమెరికా కాఫీ, తేయాకు, సుగంధ ద్రవ్యాలు, ఉష్ణమండల పండ్లు, పండ్ల రసాల వంటివాటిని ‘పరస్పర సుంకం’ (ఎదుటి దేశాల సుంకాలకు బదులంటూ ఆ ఏడాది వేసిన సుంకం) నుంచి మినహాయించింది. తన నేలలో పెద్దగా పండని వాటిపై సుంకం వేస్తే సొంత ప్రజల కిరాణా బిల్లు పెరుగుతుందని ఆ దేశానికి తెలిసివచ్చింది. పండు కొనే దేశంలో అదే పండు పండుతుందా లేదా అన్నది సుంకం ఎంతకాలం నిలుస్తుందో చెప్పే మంచి గుర్తు. ఆపిల్‌కు ఈ వెసులుబాటు దొరకదు, అది రెండు వైపులా పండుతుంది.

చెట్టు కాలం, ఒప్పందం కాలం

2025 డిసెంబరు 22న న్యూజీలాండ్‌తో వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయి. దాని ప్రకారం మొదటి ఏడాది 32,500 టన్నుల ఆపిల్‌ను, ఆరో ఏటికి 45,000 టన్నులను 25 శాతం సుంకంతో, కిలోకు 1.25 డాలర్ల కనీస ధరతో రానిస్తారు. ఆ పరిమితి దాటితే పాత సుంకమే. దీనితోపాటు భారత్‌లో ఆపిల్ దిగుబడి, నాణ్యత పెంచే ప్రణాళికకు న్యూజీలాండ్ సహకరించాలి. ప్రతీకార సుంకంతో పోలిస్తే ఇది మెరుగైన పద్ధతి. ఎంత సరుకు, ఏ ధరకు, ఎన్నేళ్లలో వస్తుందో రైతుకు ముందే తెలుస్తుంది.

అయితే ఆ ఆరేళ్లను తోట లెక్కలోకి మార్చి చూడాలి. పొట్టి వేరుమూలం మీద నాటిన కొత్త ఆపిల్ మొక్క చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. పాత పద్ధతి మొక్కకైతే ఇంకా ఎక్కువ. కొత్త తోటకు పందిరి తీగలు, బిందు సేద్యం, వడగళ్ల వల కావాలి. పదెకరాలున్నవారు రెండెకరాల చొప్పున పాత చెట్లు కొట్టేసి కొత్తవి నాటుకుంటూ పోగలరు. ఎకరం ఉన్న రైతు చెట్లు కొట్టేస్తే, కొత్త మొక్క కాసేదాకా ఇల్లు గడవడానికి వేరే దారి చూసుకోవాలి. ఆ మధ్య ఏళ్ల ఆదాయాన్ని భర్తీ చేసే ఏర్పాటు ఒప్పందంతో పాటే మొదలవకపోతే, ఆరో ఏట 45,000 టన్నుల పండు రేవులో దిగే రోజుకూ ఆ రైతు దగ్గర ఉండేది పాత చెట్టే.